తెర మీది మచ్చ

ఆ ప్రెస్సులో అందరూ ఆయన్ని గద్ద అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళు. ఒకసారి మొహం మీదే అనేస్తే ఆయన నొచ్చుకోకపోగా ఉబ్బిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతున్నాడు. పేజీ ముందు పెడితే చాలు, చూపు నేరుగా వెళ్ళి తప్పు మీద వాలేది. ఒత్తు జారినా, కామా పక్కన ఖాళీ వెంట్రుకవాసి ఎక్కువైనా ఆయన దగ్గర దాగేది కాదు. ఇదంతా ఒక్క కంటితోనే. ఎడమ కన్ను పుట్టుకతోనే మసక. ఎదురుగా మనిషి ఉన్నాడని చెప్పడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

తప్పు పట్టి ఊరుకుంటే బాగుండేది. పట్టిన తప్పును నలుగురిలో చదివి వినిపించడం ఆయనకు సరదా. ఒకసారి ఆసుపత్రివాళ్ళ కరపత్రంలో ‘పిల్లల వైద్యశాల’ అని ఉండాల్సిన చోట ‘పిల్లుల వైద్యశాల’ అని పడింది. ఆసుపత్రి తాలూకు ముగ్గురు అక్కడే కూర్చుని ఉన్నారు.

“ఏమయ్యా డిజైనరూ, వీళ్ళు పిల్లులకి కూడా సూదులేస్తారా? అక్షరాలు రానివాడివి బొమ్మలేసుకుని బతకొచ్చని ఎవరు చెప్పారు నీకు?” అన్నాడు గద్ద, గది చివరిదాకా వినపడేలా.

వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. యజమానీ నవ్వాడు. డిజైనర్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆ రోజు అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

అది జరిగిన కొన్ని నెలలకు గద్ద మానిటర్‌లో గీతలు వంకర పోవడం మొదలైంది. పట్టికల్లో నిలువు గీతలు మధ్యకు వచ్చేసరికి ఎవరో వేలితో నొక్కినట్టు వంగేవి. ఆయన మానిటర్ పక్కన రెండు చరుపులు చరిచి, యజమాని దగ్గరికి వెళ్ళి కొత్తది కావాలన్నాడు.

“మిగతావాళ్ళకి బాగానే కనపడుతున్నాయిగా. మీ ఒక్కరికే ఎందుకండీ?” అన్నాడు యజమాని.

“వాళ్ళవీ కళ్ళేనా?”

“అయితే మీ కళ్ళకి మీరే కొనుక్కోండి.”

ఇంట్లో తలుపు చట్రం కూడా మధ్యలో ఉబ్బినట్టు కనిపించింది. వడ్రంగి పచ్చి చెక్క అంటగట్టాడని తిట్టాడు. “నిన్నమొన్నటిదాకా తిన్నగానే ఉందిగా?” అంది భార్య. “ఏవండీ, ఒకసారి కళ్ళ డాక్టరుకి చూపిద్దామా?”

“నా కళ్ళకేం రోగం? ప్రెస్సు మొత్తం వీటి మీద బతుకుతుంటే!”

యజమాని అన్న మాట గుచ్చుకుంది. సొంత డబ్బుతో పెద్ద మానిటర్ కొని వాళ్ళందరి ముందూ పెట్టాలని పంతం పట్టాడు. బజారులో ఇరవై ఏడు అంగుళాల పల్చటి మానిటర్ ధర విని నోరెళ్ళబెట్టాడు. చివరికి ఇంటర్నెట్‌లో ఒక పైదేశపు వ్యాపారి దొరికాడు. నిరుటి మోడళ్ళు, అట్టపెట్టెలు నలిగినవి, సగం ధరకన్నా తక్కువకే ఇస్తున్నాడు. సరుకు కొత్తదే, పెట్టెకే సొట్ట అని రాశాడు. గద్ద ఆ షరతులన్నీ వరసగా చదివి, అందులో రెండు అచ్చుతప్పులు పట్టుకుని, ఆ సంతోషంలో ఆర్డర్ పెట్టేశాడు.

పెట్టె రావడానికి అయిదు వారాలు పట్టింది. ఓడ ఎక్కిందట, దిగిందట, కస్టమ్స్‌లో ఆగిందట అని రోజూ ప్రెస్సులో ప్రకటించేవాడు. సుంకం కట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, అందరూ చూస్తుండగా బల్ల మీద విప్పాడు. థర్మోకోల్ పక్కకు పెట్టి, తెర మీది ప్లాస్టిక్ పొర నెమ్మదిగా లాగి, తీగలు తగిలించి, తెల్ల పేజీ తెరిచాడు.

సరిగ్గా నడిమధ్యన ఒక మచ్చ. బూడిదరంగులో, చొక్కా గుండీ అంత.

గుడ్డతో తుడిచాడు. పోలేదు. “మోసం చేశాడు వెధవ! లోపమున్న సరుకు అంటగట్టాడు!” అని కేకలేశాడు. అప్పటికప్పుడే వ్యాపారికి ఈమెయిల్‌లో ఉత్తరం రాశాడు. ఫోటో పంపమన్నాడతను. గద్ద ఫోన్‌తో తెరను ఫోటో తీసి, ఆ ఫోటోను అదే మానిటర్‌లో తెరిచి చూశాడు. మచ్చ స్పష్టంగా ఉంది. పంపాడు. ‘మీరు పంపిన ఫోటోలో ఏ మచ్చా లేదు’ అని జవాబు వచ్చింది.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. డిజైనర్‌ను పిలిచాడు. “నువ్వు చెప్పవయ్యా. ఇక్కడ మచ్చ ఉందా లేదా?”

డిజైనర్ వంగి చూశాడు. తెర కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది. పక్కకు తిరిగి గద్ద మొహం చూశాడు. ఆ మొహంలో మొట్టమొదటిసారి ఒక బతిమాలింపు కనబడింది. అది అతనికి తియ్యగా తగిలింది.

“ఎందుకు లేదు సార్! గుడ్డివాడికి కూడా కనపడుతుంది. గుండీ అంత ఉంది.”

“చూశావా! కానీ ఇది ఒకచోట నిలవదయ్యా. ఎటు చూస్తే అటు జరుగుతోంది.”

“లిక్విడ్ క్రిస్టల్ కదా సార్. ద్రవం. లోపల పారుతుంటుంది.”

గద్ద ఆ ముక్క కూడా ఉత్తరంలో రాశాడు. టీ వేళకు సంగతి ప్రెస్సంతా పాకింది. మెషీన్ ఆపరేటర్ వచ్చి “పెరిగినట్టుంది సార్” అన్నాడు. బైండింగ్ ఆయన వచ్చి “అంచుల్లో కొంచెం ఎర్రగా లేదూ?” అన్నాడు. ఆయన వెనక్కి తిరగగానే అందరూ నోళ్ళకు చేతులడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆయన తల వారగా తిప్పి, కంటి కొసతో చదవడం మొదలుపెట్టాక, ఆ తల తిప్పడాన్ని అచ్చం దింపి చూపించేవాడు డిజైనర్. ఎన్నేళ్ళ కసి అది, అంత తొందరగా ఎలా తీరుతుంది!

ప్రూఫుల్లో తప్పులు జారిపోతున్నాయి. యజమాని కసిరితే “కొత్తది వచ్చేదాకా ఓపిక పట్టండి” అన్నాడు గద్ద. ఇంట్లో భార్య మళ్ళీ డాక్టరు మాట ఎత్తింది.

“నలుగురు చూశారే! నలుగురికీ కనబడింది. నలుగురి కళ్ళూ ఒక్కసారే పోయాయా?”

నలుగురి మాటా నమ్మింది ఆవిడ. మళ్ళీ అడగలేదు.

రెండు నెలల పోట్లాట తరవాత, విసిగిపోయిన వ్యాపారి ఇంకో మానిటర్ ఊరికే పంపాడు. గద్ద గెలిచినవాడిలా పెట్టె మోయించుకొచ్చాడు. ఈసారి చూడడానికి ప్రెస్సు మొత్తం పని ఆపి చుట్టూ చేరింది. తెర వెలిగింది. మచ్చ అక్కడే ఉంది. ఇప్పుడు అరచెయ్యంత ఉంది, నల్లగా.

ఆయన గుడ్డతో ఒకసారి తుడిచాడు. తరవాత మెల్లిగా అడిగాడు. “ఇందులో కూడా ఉందా?”

“ఉంది సార్. దీనికి పిల్లలు కూడా పుట్టాయి,” అన్నాడు డిజైనర్.

ఎవరో ఆపుకోలేక ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో అందరూ అందుకున్నారు. గద్ద అటు తిరిగాడు. గోడ గడియారానికి ముళ్ళు లేవు, చుట్టూ అంకెలు మాత్రం ఉన్నాయి. డిజైనర్‌కు చెవులున్నాయి, జుట్టుంది, మధ్యలో ముక్కూ నోరూ లేవు. అక్కణ్ణుంచే నవ్వు వస్తోంది. ఆయన చెయ్యి చాచి ఆ నలుపును తుడవబోయాడు. వేళ్ళు డిజైనర్ బుగ్గకు తగిలాయి. నవ్వు ఆగిపోయింది.

మర్నాడు భార్య ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కుడి కంట్లోకి దీపం వేసి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“కంటి వెనక పొరలో రక్తం కారి మచ్చ కట్టిందండీ. గీతలు వంకర పోయినప్పుడే వచ్చి ఉంటే ఇంజెక్షన్లతో ఉన్న చూపు నిలబెట్టేవాళ్ళం. మచ్చ పడ్డ కొత్తలో వచ్చినా కొంత దక్కేది. ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?”

“చూపించాను. వాళ్ళకీ కనబడుతోందన్నారు,” అన్నాడు ఆయన.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పక్కనున్న భార్యకు మాత్రం అర్థమైంది.

యజమాని దయతలిచి బైండింగ్ బల్ల దగ్గర, సగం జీతానికి, కాగితాలు మడతపెట్టే పని ఇస్తానన్నాడు. ఆయన వెళ్ళలేదు. రెండు మానిటర్లూ మళ్ళీ పెట్టెల్లోకెక్కి ఇంటికి చేరి, మంచం పక్కన ఉండిపోయాయి. నెల తరవాత డిజైనర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తనకు పెద్ద తెర కావాలట, రెండూ కలిపి తీసుకుంటే ఎంతకిస్తారని అడగడానికి వచ్చాడట. క్షమాపణ కూడా నోటిదాకా వచ్చినట్టుంది, గొంతు రెండుసార్లు సవరించుకున్నాడు.

“మచ్చలున్న సరుకు నీకెందుకు నాయనా?” అంది భార్య, తలుపు సగం మూసి పట్టుకుని.

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. లోపలి నుంచి గద్ద, “ఎవరే వచ్చింది?” అని అడిగాడు. గొంతు పట్టి తెలిసే ఉంటుంది, అయినా అడిగాడు. ఎవరూ కాదంది ఆవిడ.

అప్పటినుంచి పొద్దున్నే పేపరు చదివి వినిపించడం ఆవిడ వంతయింది. అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేది. ఆయన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు ఆవిడ ఒక పేరు దగ్గర తడబడింది.

“ఒత్తు మింగేశావు. మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివింది.

“ఎన్నిసార్లు చెప్పాలి? అక్షరం ముక్క రాని మొహమూ నువ్వూ! పక్కింటివాళ్ళు వింటే నవ్విపోతారు.”

ఆవిడ పేపరు నాలుగు మడతలు పెట్టి, ఆయన ఒళ్ళో ఉంచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు పేపరు గుమ్మంలో పడిన చప్పుడు ఆయనకు వినపడింది. ఆవిడ అటూ ఇటూ తిరుగుతున్న అడుగులూ వినపడ్డాయి. కొంతసేపటికి ఆయన పిలిచాడు. గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.