బావ కోట నుంచి వచ్చే బండ్లు

కంప్యూటర్‌లో కోటలు కట్టే ఆట ఒకటి ఉంది. కొండను తొలిచి గదులు చేయాలి, లోపలే పంట పండించాలి, వాకిట కాపలా పెట్టాలి. ఆటలో ఏడాది మనకు కొద్ది రోజుల్లోనే గడిచిపోతుంది; ఏటా కోతల కాలానికి వర్తకుల బండ్లు వస్తాయి. శత్రువులు ఎప్పుడు వస్తారో చెప్పలేం.

రిటైరయ్యాక నేనూ మా బావా ఈ ఆటలో పడ్డాం. అక్క పోయాక ఆయన బాలాపూర్ నుంచి ఆరాంఘర్‌లో బస్సు మారి, వారానికోసారి శంషాబాద్‌లో మా ఇంటికి వచ్చేవాడు. ఒకే లోకంలో నాదొక కోట, ఆయనదొక కోట. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని వెక్కిరించేవాళ్లం.

"కోట కట్టమంటే గొర్ల దొడ్డి కట్టినవేంది బామ్మర్ది?" అనేవాడు.

తరువాత షుగర్ వల్ల బావకు చూపు పోయింది, రావడం ఆగింది. ఈ ఆటలో వదిలేసిన కోట ఆగిపోదు. లోపలి మనుషులు తమ బతుకు తాము బతుకుతారు. వాళ్ల బండ్లు నా కోటకు వస్తూనే ఉన్నాయి. రోజూ సాయంత్రం బావ ఫోన్ చేసేవాడు.

"మావోళ్లు ఏం తెచ్చిన్రు?"

"తోలు చెప్పులు, రాతి గిన్నెలు."

"మంచి ధర పెట్టు. మావోళ్లను ముంచకు."

చాలా రోజులు నేను మనిషితో మాట్లాడిన మాటలు అవే. తరువాత విమానాల చప్పుడు, డైరీ, నిద్ర.

ఆటలో ఒక ఏడు ఆ బండ్లు రాలేదు. వేరే ఊరి వర్తకుడు కబురు తెచ్చాడు. బావ కోటను శత్రువులు పట్టుకున్నారు. ఆయనకు కనిపించదు కదా అని చెప్పులూ గిన్నెలూ మళ్లీ వచ్చాయనడం నా చేత కాలేదు.

"మొత్తం పోయిందా?"

"పోయింది బావా."

"సరే తీయ్. ఇగ అడిగేదేముంది" అని పెట్టేశాడు.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తరువాతా రాలేదు. వెళ్లి కూర్చోవచ్చు. కానీ ఎదురెదురుగా ఉంటే అక్క ఫోటో కిందే కూర్చోవాలి, ఇద్దరికీ నోరు పెగలదు. డైరీలో ఎండ, మందులు, వండిన కూర రాశాక రాయడానికేమీ మిగలడం లేదు.

చివరికి ఒక సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"బావా, మావోళ్లను పంపి నీ కోట మళ్ల గుంజుకుందామనుకుంటున్న. ముందట ఇనుప తలుపుంది. ఎటునుంచి పోవాలె?"

"ముందట నుంచి పోతవా? అందుకే నీది గొర్ల దొడ్డి. ఎనక బాయి ఉంది సూడు, అండ్ల మెట్లు పెట్టిన. నీకు గూడ చెప్పలే." గొంతులో పాత హుషారు వచ్చింది. "ఆగాగు. ఎంతమందున్నరు?"

"పన్నెండు మంది."

"గంతేనా? పోయి సస్తరు. జర కత్తి తిప్పుడు నేర్పియ్."

నేర్పిస్తున్నాను. బావ మళ్లీ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తున్నాడు. ఆటలో చలికాలం వచ్చింది. నిన్న డాళ్లు సరిపోవన్నాడు బావ. ఇవాళేమో, మంచు కరగనియ్ అన్నాడు. నా కంటికి వాళ్లు ఎప్పుడో సిద్ధంగా ఉన్నారు. సరే బావా, కరగనిద్దాం అన్నాను.