చౌడమ్మ చేలో సినిమా వాన

చౌడమ్మకు వాన ఎక్కువగా కలల్లోనే కురిసింది. ఈ మాట నాది కాదు, ఆమెదే. పొద్దున్నే వాకిట్లో కసువు ఊడుస్తూ, దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెబుతుంది. "రాత్రి మా చేలో వాన పట్టుకునిందప్పా. గట్టు పొర్లి పోతాండాయి నీళ్లు. లేసి చూస్తే కొంగంతా తడి. ఏమంటే, నిద్రలో నీళ్ల చెంబు తన్నేసినా." వినేవాళ్లు నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వదు. చెంబు సంగతి చెంబుదే, వాన సంగతి వానదే అన్నట్టు చీపురు అందుకుంటుంది.

కంబదూరు నుంచి మా ఊరికి వచ్చే దారిలో, గాలిమరల గుట్ట కింద ఉంది ఆమె చేను. ఎర్రమట్టి, నిండా గులకరాళ్లు. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి చౌడమ్మ ఆ రాళ్లు ఏరుతూనే ఉంది. ఆ నేలలో ఏ ఏడైనా తప్పకుండా పండేవి ఆ రాళ్లే. మొగుడు పెద్దన్న మంచివాడు. మాట ఇస్తే తప్పడని ఊరంతా చెప్పుకుంటుంది. మాటలు ఇవ్వడమే ఆయన పని, వాటిని మోయడం చౌడమ్మ పని.

పుట్టింటి నుంచి ఆమె తెచ్చుకున్న ఆస్తి ఒకటే, వాళ్ల నాయన చెప్పిన పదును సంగతి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వాన పడ్డాక పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోవాలి. అదే పదును. అది ఆరిపోయేలోపు విత్తనం పడాలి. మా వైపు ఆ ముద్ద కోసం ఎదురుచూస్తూ జుట్టు నెరిసినవాళ్లు చాలామంది ఉన్నారు. "పదునైన నేలను ఉత్తగా ఎండబెట్టినోడూ, ఇంటికొచ్చిన సుట్టాన్ని కూడు పెట్టకుండా పంపినోడూ ఒకటేనమ్మా" అనేవాడట వాళ్ల నాయన. చౌడమ్మ ఆ మాటను దేవుడి మాట కంటే ఎక్కువగా నమ్మింది.

అలాంటి చేనికి ఒక ఎండాకాలం చివర హిందీ సినిమావాళ్లు వచ్చారు. వెంటబెట్టుకొచ్చింది చౌడమ్మ అక్క కొడుకు మద్దిలేటి. వాడు బొంబాయిలో బండలు పరిచే పని చేసి, హిందీ నేర్చుకుని, ఆ హిందీతోనే బతకవచ్చని కనిపెట్టి వెనక్కి వచ్చినవాడు. సినిమావాళ్లకు చెట్టూ చేమా లేని బయలు కావాలట. వాళ్లు చేలో నిలబడి నాలుగు దిక్కులా చూసి, బంగారు గని దొరికినట్టు సంబరపడ్డారు. మా కరువును చూసి అంత సంతోషించినవాళ్లను నేను అంతవరకూ చూడలేదు.

పెద్దన్న అలవాటు ప్రకారం మాట ఇచ్చేశాడు. "మీ పని అయ్యేదాంక ఈ చేను మీదే అనుకోండప్పా" అన్నాడు. డైరెక్టరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

కథ ఏమిటని చౌడమ్మ అడిగింది. మద్దిలేటి గట్టు మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. హీరో దేశం కోసం దొంగచాటుగా పనిచేసే గూఢచారి. సొంత మనుషులే అతన్ని పట్టించేస్తారు. పారిపోయి, పారిపోయి, చివరికి సరిహద్దులో ఎడారికి చేరుతాడు. అక్కడ పెద్ద కొట్లాట, జోరున వాన.

"ఎడారంటే యాడ?"

"ఇదే చిన్నమ్మా. మన చేనే."

చౌడమ్మకు ఆ మాట నచ్చలేదు. "సరేలే. మళ్లా వాన యాటికి?"

"కొట్లాటకు వానుంటే బాగుంటాది."

"పంటకు లేని వాన కొట్లాటకా! ఎవుడురా ఆ మొగోడు, వానను పిలిపించుకునేటోడు?"

ట్యాంకర్లు వచ్చాయి. మొదటి ట్యాంకరు ఆగీ ఆగకముందే మా ఊరి ఆడవాళ్లు బిందెలతో చుట్టుముట్టారు. డైరెక్టరు మంచివాడే కాబోలు, అవి నిండేదాకా ఊరుకున్నాడు. తర్వాత చేను చుట్టూ ఎత్తయిన ఇనుప కంబాలు నిలబెట్టి, వాటికి గొట్టాలు కట్టారు. పొద్దు గుట్ట మీదికి వాలుతుండగా ఎవరో హిందీలో కేక వేశారు. వాన మొదలైంది.

అది పైపుల్లో నీళ్లని తెలిసి కూడా మేమంతా నోరెళ్లబెట్టాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. అటు ఎండ పచ్చగా కాస్తూనే ఉంది, ఇటు ఒక్క చౌడమ్మ చేలో మాత్రమే వాన పడుతోంది. గట్టుకు అవతల దుమ్ము, ఇవతల జల్లు. చినుకులు ఎండలో మెరుస్తూ నెమ్మదిగా దిగుతున్నట్టు కనిపించాయి. మట్టి వాసన లేచి ఊరిదాకా వచ్చింది. ఇళ్లలో ఉన్నవాళ్లు నిజం వానే అనుకుని, ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తారట.

హీరో ఆ వానలో ఎంతమందిని కొట్టాడో మాకు తెలుసు. చౌడమ్మకు తెలియదు. ఆమె గట్టు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, నేల ఎలా తాగుతోందో అదే చూస్తూ ఉంది. మనుషులు పడుతున్నారు, లేస్తున్నారు, జీపు పల్టీ కొట్టింది. ఆమె కళ్లు సాళ్లలో నిలిచిన నీళ్ల మీదే ఉన్నాయి. ఒకసారి కొంగు తడిమి చూసుకుంది. తడిగానే ఉంది. పక్కన చెంబు లేదు. ఆమె అప్పుడు నవ్వింది.

అలా కొన్ని సాయంత్రాలు కురిసి వాన ఆగింది. హీరోకు వేరే పని పడిందట. జీపులు తరుముకునే ముక్క ఒకటి మిగిలిపోయిందనీ, మళ్లీ వచ్చి తీస్తామనీ చెప్పి వెళ్లిపోయారు.

నేల కాస్త ఆరనిచ్చి, చౌడమ్మ చేలోకి వెళ్లి పిడికెడు మట్టి తీసి నొక్కింది. ముద్ద అయింది. వేలితో తాకింది. విడిపోయింది. అక్కడి నుంచి ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదంటుంది. వస్తూనే విత్తనానికి దాచిన శెనక్కాయల మూట దించి, వొలవడానికి కూర్చుంది.

పెద్దన్న గుండెలు జారిపోయాయి. "ఏమ్మే, మతి పోయిందా? వాళ్లు మళ్లా వస్తారు. మాట ఇచ్చినా నేను!"

"నువ్వు వాళ్లకు మాట ఇచ్చినావు. నేల నాకు పదును ఇచ్చినాది."

"అది సినిమా వాన!"

"శెనక్కాయకు తెలుస్తాదా, ఏ వానో?"

పక్క చేను యేసన్నది. ఆయన ఎద్దులే విత్తే గొర్రును లాగాయి. ఆయన నవ్వుతూ తోలాడు, చౌడమ్మ గొర్రుకు పసుపు పూసి, చెప్పులు గట్టు మీద విడిచి, నవ్వకుండా విత్తింది. విత్తిన చేలో చెప్పులతో అడుగు పెట్టకూడదని ఆమె పట్టు. ఊరు ఊరుకుంటుందా? "కలుపు తీయనీకి ఈరో వస్తాడంటనే చౌడమ్మా?" అని ఒకరు, "ఎరువు కూడా బొంబాయి నుంచే తెప్పిస్తావా?" అని ఇంకొకరు. నేనూ ఒకటి రెండు అన్నాను. అనకుండా ఉండేంత పెద్దమనిషిని కాను.

మొలక వచ్చాక మా నోళ్లు మూతపడ్డాయి. చుట్టూ ఎంత దూరం చూసినా బోడినేల. మధ్యలో చౌడమ్మ చేను ఒక్కటే, పచ్చని గీతలతో. సాయంత్రం గాలిమరల నీడలు ఆ గీతల మీద తిరుగుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయేవాళ్లం.

పెద్దన్నకు మాత్రం కూడు సయించలేదు. జీపులు వస్తే మొలకలు పోతాయి, వద్దంటే మాట పోతుంది. చౌడమ్మ చివరికి అంది: "మాట మాటేలేయ్యా. తొక్కుతామంటే తొక్కనీ. కాకపోతే ముందు కండ్లతో చూడనీ."

వాళ్లు వచ్చారు. డైరెక్టరు చేను చూసి తల పట్టుకున్నాడు. హీరో బండి దిగి, నల్లటి బూట్లతో నేరుగా గట్టు దాటబోయాడు.

"చెప్పులు!" అని అరిచింది చౌడమ్మ.

హిందీ అక్కర్లేకుండానే అర్థమైంది. నలభై మందిని కొట్టిన మనిషి గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. ఉత్త కాళ్లతో సాళ్ల మధ్యకు వచ్చి, గొంతుక్కూర్చుని ఒక మొలకను వేలితో తాకాడు. ఇదేమిటని అడిగాడు. మద్దిలేటి చెప్పాడు. ఏ నీళ్లతో వచ్చిందని అడిగాడు.

"మీ కొట్లాట నీళ్లే అని చెప్పురా" అంది చౌడమ్మ.

పెద్దన్న తల వంచుకుని ముందుకొచ్చాడు. "మాట ఇచ్చినాం సామీ. తోలుకోండి" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నేను పక్కనే ఉండి చూశాను. జీపులవాళ్లు డైరెక్టరు వైపు చూశారు.

చౌడమ్మ అప్పుడు చెయ్యి చాపి పడమటి చేను చూపించింది. "వాళ్లకు కావల్సింది బోడిమట్టే కదరా? మనకు మట్టికేం కరువు! అదో, యేసన్న చేను. అచ్చం మన చేను మాదిరే ఉండాది."

యేసన్న అక్కడే ఉన్నాడు. "తోలుకోండప్పా, ఖాళీగానే ఉండాది" అన్నాడు. డైరెక్టరు అటు చూసి, ఇటు చూసి, సరేనన్నాడు. కంబాలు యేసన్న చేలోకి మారాయి, జీపులు అక్కడే తిరిగాయి, వాన అక్కడే కురిసింది. కానీ ఆ నెలలో మా గాలి ఎలాంటిదని! పడమటి నుంచి కొడితే మనుషులనే నెడుతుంది. కంబాల మీది వానలో సగం గట్టు దాటి వచ్చి చౌడమ్మ మొలకల మీద పడింది. తూర్పున, దక్షిణాన కూడా బోడి చేలు ఉండగా ఆమె పడమటి చేనే ఎందుకు చూపించిందో అప్పటికి గానీ మాకు వెలగలేదు. యేసన్న పడీ పడీ నవ్వాడు. "వాన దొంగవే నువ్వు" అన్నాడు.

సినిమావాళ్లు వెళ్లిపోయారు. ఇక నిజం వాన రావాలి. రాలేదు.

చేను పూత పూసింది. పూత రాలి ఊడలు దిగే వేళకు నేల రాయి అయింది. శెనక్కాయ ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. ఊడలన్నీ నేలను తాకి, లోపలికి పోలేక, అలాగే ఎండిపోయాయి. ఆ రోజుల్లో చౌడమ్మ కలలోకి వాన కూడా రాలేదట, ట్యాంకర్లు వచ్చేవట. పెరికిన రోజున ఒళ్లో పట్టేన్ని కాయలు వచ్చాయి. చౌడమ్మ గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ రోజు ఊళ్లో ఒక్కరు కూడా సినిమా మాట ఎత్తలేదు.

మళ్లీ ఎండాకాలం ముగుస్తుండగా ఆ సినిమా కళ్యాణదుర్గంలో ఆడుతోందని మద్దిలేటి కబురు తెచ్చాడు. చౌడమ్మనూ పెద్దన్ననూ మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్లాడు, నేనూ వెంట పోయాను. హాల్లో తినడానికి ఉంటాయని చౌడమ్మ ఆ ఎండుకాయలే కొంగున ముడేసుకుని వచ్చింది.

సినిమా అంతా తుపాకులు, పరుగులు. పెద్దన్న కునికిపాట్లు పడ్డాడు. చౌడమ్మ ముడి విప్పి, ఒక కాయ చేతిలోకి తీసుకుంది. అప్పుడే తెర మీద ఎర్రటి బయలు వచ్చింది. గాలిమరలు రాకుండా ఎలా తీశారో, నిజంగా ఎక్కడో దూరదేశం లాగే ఉంది. జీపులు దూసుకొచ్చాయి. వాన మొదలైంది. హీరో పరుగెత్తుతుంటే అతని భుజం వెనక, గట్టుకు అవతల, తెర మూలన పచ్చటి గీతలు కనిపించాయి. గాలికి వాన ఏటవాలుగా వాటి మీద పడుతోంది. మొలకలు తలలు ఊపుతున్నాయి.

చౌడమ్మ లేచి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. ఆమె వినలేదు.

"అదో," అంది మెల్లగా, "ఆడ ఇంకా పడతానే ఉండాది."

తెర మారిపోయింది. ఆమె కూర్చుంది. మెలకువ వచ్చిన పెద్దన్న చెయ్యి చాపాడు. "ఏమ్మే, నాలుగు కాయలు ఇయ్యి."

చౌడమ్మ చేతిలోని కాయను మిగతావాటితో కలిపి, కొంగు గట్టిగా ముడేసింది.

"వద్దులేయ్యా. ఇత్తనానికి ఉండనీ."