విడిచిపెట్టిన ఇంట్లో నా ఆఫీసు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. మా అక్క సరోజ ఏదైనా మొదలుపెడితే చాలు, మధ్యలోనే "నువ్వు చూశావా?" అని అడిగి కథంతా చెడగొట్టేదాన్ని. పైగా నాది ఇళ్ళకు ప్లాన్లు గీసే ఉద్యోగం. గోడ ఎంత మందం, తలుపు ఎటు తెరుచుకుంటుంది, వెలుతురు ఎటునుంచి వస్తుంది, ఇవి తేలితే ఇంటి గురించి నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. గద్వాలలో ఆ ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

అప్పట్లో మేము మస్కట్‌లో ఉండేవాళ్ళం. నేను ఒక బిల్డింగ్ డిజైన్ ఆఫీసులో, మా ఆయన రవి ఒక గోదాములో పనిచేసేవాళ్ళం. ఐదేళ్ళ మా చిన్ని అక్కడే కేజీ చదువుతోంది. అక్కకు ఆపరేషన్ అంటే తోడుగా ఉండి రెండు వారాల్లో వెళ్ళిపోదామని ఒక్కదాన్నే వచ్చాను. హైదరాబాద్ నుంచి గద్వాల వచ్చే బస్సులో నా చేతిసంచి పోయింది. అందులో పాస్‌పోర్టు ఉంది.

కొత్త పాస్‌పోర్టు కావాలంటే పోలీసు విచారణ కావాలి. నేను అలవాటు కొద్దీ కల్వకుర్తిలో మేము ఎప్పుడో అద్దెకున్న ఇంటి అడ్రసు రాసిచ్చాను. విచారణకు వెళ్ళినవాళ్ళకు అక్కడ వేరే కుటుంబం కనిపించింది. కాగితాలు వెనక్కి పోయాయి, మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

అసలు భయం వేరే. ఆర్నెల్లకు మించి బయట ఉంటే నా వీసా రద్దవుతుంది. ఉద్యోగం పోతే ఇంకా ముందే పోతుంది. మా మేనేజరు మంచివాడే. డ్రాయింగులు రోజూ పంపుతూ ఉంటే నా కుర్చీ నాకే ఉంచుతానన్నాడు. పంపకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నా బిడ్డ దగ్గరికి తిరిగి వెళ్ళగలనా లేదా అన్నది ఇక ఇంటర్నెట్ మీద ఆధారపడింది.

గద్వాల బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలతో చేసిన గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో కంప్యూటరు. నా డ్రాయింగు చివరిదాకా పోయినట్టే పోయి తెగిపోయేది. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున లోపలికి అడుగు పెట్టడానికే చోటు లేదు.

వనపర్తిలో మా ఆయన చిన్నమ్మ కొడుక్కి జిరాక్స్ షాపు ఉంది. కొన్నాళ్ళు పొద్దున్నే బస్సెక్కి అక్కడికి పోయాను. అతనికున్నది ఒక్కటే కంప్యూటరు. పెళ్ళి కార్డుల వాళ్ళు వస్తే నేను లేవాలి, కరెంటు పోతే అందరం లేవాలి. నాగర్‌కర్నూల్‌లో ఒక ట్యూషన్ సెంటర్లో నెట్ బాగుందని ఎవరో చెబితే అక్కడికీ వెళ్ళాను. నిజంగానే బాగుంది. కానీ పోను రాను బస్సులోనే పొద్దు గడిచిపోయేది. కండక్టర్లు నన్నూ నా ల్యాప్‌టాప్ సంచినీ గుర్తుపట్టి నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

అక్కవాళ్ళింట్లో ఫోన్ లేదు. కొత్త లైను కావాలంటే వరుసలో ఆగాలన్నారు.

అప్పుడు బావకు నర్సింహులు సారు గుర్తొచ్చాడు. బావ, ఆయన ఒకే బళ్ళో పంతుళ్ళు. సారు ఇంట్లో ఫోనుంది, నెట్ కూడా పెట్టించాడు. ఇల్లు మాత్రం ఖాళీగా ఉంది. ఈమధ్యే వాళ్ళమ్మ ఆ ఇంట్లో చనిపోయింది. పురోహితం చేసే అయ్యగారు ఆమె పోయిన నక్షత్రం చూసి, మంచిది కాదు, ఇల్లు కొన్ని నెలలు విడిచిపెట్టమన్నాడు. మావైపు ఇది మామూలే. గడువు నిండేదాకా ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. వాకిట్లో ముళ్ళకంప అడ్డం పెడతారు. సారు, ఆయన భార్య సుశీలమ్మ పిల్లల్ని తీసుకుని ఊరి అవతల అద్దెకు దిగారు. లైను వదులుకుంటే మళ్ళీ దొరకదని ఫోను మాత్రం తీయించలేదు.

నేను అడిగితే సారు వెనకాడాడు. సుశీలమ్మే దారి చెప్పింది.

"పగలు కూసొని పని చేసుకొని పో బిడ్డా. పొయ్యి ఎలిగియ్యకు, పండుకోకు. గవి రెండు చెయ్యకుంటె ఉన్నట్టు కాదు గద. మా అత్త అర్ర మాత్రం తియ్యకు."

నాకు నవ్వొచ్చింది. యముడి దగ్గర కూడా మనవాళ్ళు ఇలాగే సందు వెతుకుతారనుకున్నాను. సంతోషంగా ముందరి తలుపు తాళంచెవి తీసుకున్నాను.

కోట వెనక గల్లీలో ఉంది ఆ ఇల్లు. ముందు వసారా, తర్వాత షాబాదు బండలు పరిచిన పెద్ద గది, దానికి ఒక పక్కన ముసలమ్మ ఉన్న గది, అదే అర్ర, వెనక వంటిల్లు. అర్రకు బయటి నుంచి తాళం. వెనక తలుపుకు కూడా అవతలి నుంచి తాళం. నేను పెద్ద గదిలో ఫోను పక్కన బల్ల వేసుకున్నాను.

అప్పటికి కోలుకున్న అక్క పొద్దున నాతో వచ్చి కంప జరిపేది. నేను లోపలికి వెళ్ళగానే మళ్ళీ అడ్డం పెట్టేది. గల్లీలో వాళ్ళు చూస్తే సారువాళ్ళను ఆడిపోసుకుంటారని ఆమె భయం. సాయంత్రం మళ్ళీ ఆమె వచ్చి కంప తీస్తేనే నేను బయటపడేది. లోపలినుంచి తోస్తే చేతులు చీరుకుపోతాయి. జైల్లో కూర్చుని మస్కట్‌లో ఎవరికో బంగళా గీస్తున్నానని రవితో ఫోన్లో నవ్వుతూ చెప్పేదాన్ని. ఫోను పెట్టేశాక నవ్వు ఉండేది కాదు. కిటికీలోంచి ఆ ముళ్ళే కనిపిస్తుండేవి.

మొదట్లో పని బాగా సాగింది. తర్వాత నెట్ తెగడం మొదలైంది. కాసేపు పోయి, మళ్ళీ వచ్చేది. ఎక్కువగా మధ్యాహ్నాలు. ఒక డ్రాయింగు సమయానికి అందక మేనేజరు మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. నేను టెలిఫోను ఆఫీసుకు కబురు పంపాను.

లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర నుంచి డబ్బా దాకా అన్నీ చూశాడు. బయట బాగానే ఉందన్నాడు. తర్వాత అడిగాడు.

"లోపల ఇంకో ఫోనున్నదా అమ్మా? ఎవరో రిసీవర్ ఎత్తుతుండ్రు. ఎత్తినప్పుడల్లా నెట్టు బందైతది."

ఇంకో ఫోను లేదన్నాను. అతను గోడవెంట తీగ పట్టుకుని నడిచాడు. తీగ ముసలమ్మ అర్ర తలుపు మీది కన్నంలోంచి లోపలికి పోయింది. తాళం మీద దుమ్ము అలాగే ఉంది.

సాయంత్రం సారును అడిగితే అవునన్నాడు. అమ్మ నడుం విరిగి మంచాన పడ్డాక ఆమె పక్కన ఒక ఫోను పెట్టారట. ఎవరు చేసినా అక్కడ ఎత్తి వినేదట. ఎలకలేమో అన్నాడు. ఎలకలే అయ్యుంటాయని నేనూ అన్నాను. మర్నాడు లైన్‌మన్ వచ్చి అర్రలోకి పోయే తీగను నా ఎదురుగానే కత్తిరించాడు. ఆ కొస గోడకు వేలాడుతూ ఉండిపోయింది. నెట్ తెగడం ఆగిపోయింది.

రోజూ మధ్యాహ్నం చిన్ని బడినుంచి వచ్చే వేళకు రవి ఫోన్ చేసేవాడు. ఒకరోజు చిన్ని మాట్లాడుతూ, "ఆఁ, తిన్నా. పప్పు" అంది. నేను తిన్నావా అని అడగలేదు. ఇంకాసేపటికి "లేదు, నాన్న జడేశాడు" అంది. అదీ నేను అడగలేదు.

ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాను.

"నీ దగ్గరున్న అవ్వతో" అంది. తర్వాత, "అమ్మా, బాగిలు అంటే ఏంటి? బాగిలు తెగి అంటోంది అవ్వ."

నాకూ తెలియదు. ఇంటికి వెళ్ళి అక్కను అడిగాను. ఆమె కూర తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది.

"తలుపు తియ్యి అని. కన్నడం. సారు వాళ్ళమ్మది రాయచూరు దిక్కు. తెలుగుల కలిపి గట్లనే మాట్లాడేది." కత్తిపీట పక్కకు జరిపి, "ఇంగ నువ్వు ఆ ఇంటికి పోకు" అంది.

వెళ్ళకుండా ఎలా? పాస్‌పోర్టు ఇంకా రాలేదు. ఆ వారం ఒక బడి కట్టడం డ్రాయింగులన్నీ పంపాలి. దేనికి భయపడాలో తేల్చుకునే తీరిక కూడా నాకు లేదు. చిన్నితో మాట్లాడేటప్పుడు మాత్రం నాకు వినపడని ప్రశ్నలకు అది జవాబులు చెబుతూనే ఉండేది.

డ్రాయింగులు పూర్తయిన రోజు ఎండ మండిపోతోంది. ఆఖరిది పంపేసి ల్యాప్‌టాప్ మూసి, అక్క కోసం వసారాలో నిలబడదామని గడియ తీశాను. తలుపు రాలేదు. రెండు చేతులా లాగాను. వానాకాలం అయితే చెక్క ఉబ్బిందనుకోవచ్చు, ఎండాకాలంలో చెక్క ఉబ్బదు. గడియ తీసే ఉంది. బయట గొళ్ళెం పెట్టి లేదు, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అయినా అవతల ఎవరో పట్టుకున్నట్టు కదల్లేదు.

అక్కవాళ్ళ పక్కింటికి ఫోన్ చేసి ఆమెకు కబురు పెడదామని రిసీవర్ ఎత్తాను. డయల్ టోన్ లేదు. అదే లైను మీద ఇంకొకరు ఫోన్ ఎత్తి పట్టుకున్నప్పుడు వచ్చే చప్పుడు వినిపించింది, ఆ రోజుల్లో ఫోన్లు వాడినవాళ్ళకు తెలుస్తుంది. మూసిన గదిలోని గాలి చప్పుడు. హలో అన్నాను. నా హలో కాస్త ఆలస్యంగా అర్ర తలుపు వెనకనుంచి వినిపించింది.

కత్తిరించిన తీగ నా కళ్ళముందే వేలాడుతోంది.

రిసీవర్ పెట్టేశాను. మళ్ళీ వెళ్ళి ముందరి తలుపు లాగాను. చివరికి భయం కంటే కోపమే ఎక్కువైంది. పాస్‌పోర్టు మీద, ముళ్ళ మీద, అందరి మీదా కోపం. వెళ్ళి ఆ అర్ర తలుపు ముందు బండల మీద కూలబడ్డాను.

"తాళంచెవి నా దగ్గర లేదవ్వా. ఉంటె తీస్తుంటి. నన్నన్న పోనియ్యి. నా బిడ్డ ఆడ ఉన్నది" అని ఏడ్చాను.

చాలాసేపటికి అక్క వచ్చి, కంప తీసి, ఒక్క చేత్తో తలుపు తోసింది. తెరుచుకుంది.

"తలుపు తీసే ఉన్నది గదనే. ఎండల లోపల కూసున్నవేంది?" అంది.

ఆ సాయంత్రమే సారువాళ్ళింటికి వెళ్ళి ఆ అర్ర ఒక్కసారి తెరవమని బతిమాలాను. జరిగిందంతా చెప్పాను. సారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆఖరి రోజుల్లో తలుపు దగ్గరకు వేస్తే అమ్మ ఊరుకునేది కాదని చెప్పాడు. సుశీలమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"మాకూ పిల్లలున్నరు బిడ్డా. గడువు నిండకముందు తీస్తె ఇంట్ల ఇంకొకలు పోతరంటరు. నీ బిడ్డ నీకెట్లనో, మా పిల్లలు మాకట్ల."

తాళంచెవి ఇచ్చేసి వచ్చాను. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. అదృష్టం కొద్దీ కొద్దిరోజులకే పాస్‌పోర్టు వచ్చింది. వీసా గడువు దాటుతుందనగా మస్కట్‌లో దిగాను.

చిన్ని నన్ను వదల్లేదు. అది పడుకున్నాక రవి ఒక సంగతి చెప్పాడు. మొదట్లో అది రోజూ నాకోసం ఏడ్చి ఏడ్చి నిద్రపోయేదట. నేను ఆ ఇంటినుంచి మాట్లాడటం మొదలయ్యాక ఒక్కసారిగా ఏడుపు మానేసిందట. నన్ను మరిచిపోతోందేమోనని అతను భయపడి నాకు చెప్పలేదు.

విడివిడిగా చూస్తే అన్నిటికీ ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు. మా బిల్డింగులో కన్నడం మాట్లాడే మంగళూరు కుటుంబం ఒకటి ఉండేది, బాగిలు తెగి అన్న మాట చిన్ని అక్కడ విని ఉండొచ్చు. ఫోన్ లైన్లు కలిసిపోవడం అప్పట్లో కొత్త కాదు. నా భయంలో తలుపు సరిగా లాగలేదేమో. ఇన్నేళ్ళుగా నాకు నేను ఇవే చెప్పుకుంటున్నాను. ఏదీ పూర్తిగా అతకడం లేదు.

నేను మస్కట్‌లో దిగిన మర్నాడు పొద్దున జడ వేస్తూ, నాకోసం ఏడవలేదట కదా అని చిన్నిని అడిగాను.

"అవ్వ రోజూ చెప్పేది కదా" అంది. తర్వాత, ఇంట్లో మేమెవ్వరం మాట్లాడని యాసలో, ఆ మాటల్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

"ఏడ్వకు బిడ్డా. నన్నయితె పోనియ్యరు గని, మీ అమ్మను పంపిస్త."

సారువాళ్ళు ఆ అర్ర తెరిచే గడువు అప్పటికింకా రాలేదు.