రెండో వైపు నాలుగో పాట

ముప్పై నాలుగేళ్ళ ఐదు నెలలుగా నా పేరు మీద ఉన్న ఒక పాట నాది కాదు. ఈ వాక్యాన్ని ఇంతకు ముందు రెండుసార్లు కాగితం మీద పెట్టి చింపేశాను. ఈసారి చింపను. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ళకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్ళు పట్టేదే కాదు.

నేను ప్రొద్దుటూరులో ముప్పై ఒక్క సంవత్సరాలు టీచరుగా పనిచేశాను. మా తాతల కాలం నుంచి మాది క్రైస్తవ కుటుంబం. మా సంఘంలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు రిజిస్టరులో ఎక్కించే పని నాదే. నేను వేసిన తేదీ తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకే కాబోలు, నేను రాసిన పేరు తప్పని కూడా ఎవరికీ తోచలేదు.

పోయిన నెలలో ఒక మంగళవారం కడప నుంచి ఒకావిడ వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మరుగున పడిన క్రైస్తవ పాటల క్యాసెట్లు ఊరూరా వెతికి, కంప్యూటరులోకి ఎక్కించి, అందరూ వినేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. పేరున్న గాయకులవి ఆవిడకు అక్కర్లేదు. ఎవరూ గుర్తుపెట్టుకోనివే కావాలి. నా బీరువాలో అలాంటివి ఇరవై ఏడు ఉన్నాయి. మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని విన్నాం. జమ్మలమడుగు పిల్లలు చేసినదాంట్లో డ్రమ్ ప్యాడ్ పాటకంటే ముందు పరుగెడుతుంది. పులివెందుల వాళ్ళదాంట్లో రెండో చరణం మధ్యలో బస్సు హారను వినిపిస్తుంది. వాళ్ళు పాడింది స్టూడియోలో కాదు, బస్టాండు పక్క స్కూలు హాల్లో. గిటారు పట్టుకున్నందుకే పెద్దలు పిల్లలను సినిమావాళ్ళని తిట్టిన రోజులవి.

చివరికి మా సంఘం క్యాసెట్టు తీశారు. అట్ట మీద గొర్రెపిల్ల బొమ్మ. అది వేసిన పెయింటరే ఆ ఏడాది ఊరి గోడల మీద రెండు పార్టీల గుర్తులూ వేశాడు. రెండో వైపు నాలుగో పాట దగ్గర ఆవిడ వేలు ఆగింది. "రచన" అన్నచోట ఉన్న పేరు మీదేనా అని అడిగారు. ఔనన్నాను. అలవాటైన అబద్ధానికి గొంతు తడబడదు. ఆవిడ రాసుకుని వెళ్ళారు.

ఆ పాట సుగుణమ్మది.

సుగుణమ్మది వేముల పక్కన పల్లె. ఆమె భర్త ఒక రైతు నాయకుడి దగ్గర జీపు నడిపేవాడు. నాయకుడి కోసం వేసిన బాంబుకు డ్రైవరు పోయాడు, నాయకుడు బతికాడు. నాలుగేళ్ళ ఆడబిడ్డను చంకనేసుకుని సుగుణమ్మ ప్రొద్దుటూరు వచ్చింది. చర్చి వెనక గది ఇచ్చాం. వేరుశెనగ మిల్లులో గింజలు ఏరే పనికి పోయేది. చదువు లేదు. కలుపు తీసేటప్పుడు పాడుకునే వరుసల్లో ప్రభువు మీద మాటలు కట్టి పాడేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చుని పాడుతుంటే నేను నోటుబుక్కు తెచ్చి రాసుకున్నాను.

ఫ్యాక్షన్ పల్లెల్లో పొద్దు గూకితే ప్రతి ఇంటికీ గడియ పడేది. ఆమె పాటలోని తలుపుకు గడియ పడలేదు. మొగుడు వస్తాడని పెట్టలేదు. అతను రాలేదు. తలుపు ఎట్లాగూ తెరిచే ఉంది, నువ్వన్నా లోపలికి రా ప్రభువా, అంటుంది. అంతే పాట. మొత్తం అరవై నాలుగు మాటలు. పుస్తకాల భాషలోకి తెస్తున్నానని అందులో పదకొండు మార్చాను. "మొగుడు" తీసి "నాథుడు" పెట్టాను. మొన్న వింటే ఆ పదకొండూ అన్నంలో రాళ్ళలా తగిలాయి. మిగిలిన యాభై మూడూ ఆమెవి.

క్యాసెట్టు తయారయ్యే వేళకు ఎన్నికలొచ్చాయి. పోయిన డ్రైవరు ఏ పార్టీ వాడో అందరికీ తెలుసు. అతని భార్య పేరు అట్ట మీద ఉంటే క్యాసెట్టు ఆ పార్టీది అయిపోతుందని, అవతలి పార్టీ ఊళ్ళలో అంగళ్ళవాళ్ళు పెట్టుకోరని, ఆమెకూ బిడ్డకూ కూడా ముప్పని మా సంఘ పెద్దలు ముగ్గురూ అన్నారు. ఆ భయం నిజమైనదే. ఆ ఒక్క పాటకు పేరు లేకుండా వదిలేయమన్నారు. ప్రెస్సుకు పోవలసిన కాగితం రాసేది నేను. పేరు లేకుండా వదిలేయమన్నారు అని మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది వేరు. పెద్దలు చెప్పినట్టు చేశానని చెప్పుకున్నాను, ఆమె మేలు కోరి చేశానని చెప్పుకున్నాను, ఒక దశలో అది నిజమేనని నమ్మాను కూడా. పెద్దలు ఖాళీ చోటు అడిగారు. అందులో నా పేరు రాసింది నేను.

ఎందుకు రాశాను?

ఆ క్యాసెట్టులో పన్నెండు పాటలు. ఒక్కటీ నాది లేదు. నేను రాసిచ్చిన మూడింటినీ వాయించే పిల్లలు వద్దన్నారు, ప్యాడ్ మీద కుదరవని. వ్యాకరణం చెప్పినదాన్ని నేను. గింజలు ఏరే మనిషి పాట కుదిరింది, నాది కుదరలేదు. అసూయ అన్న మాట రాయడానికి ఇంత చుట్టు తిరగాలా? అసూయే.

అంతటితో ఆగినా బాగుండేది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పాట మొదటిసారి పాడే రోజు, దాన్ని కట్టినవాళ్ళు లేచి ఆ పాట తమకు ఎట్లా వచ్చిందో సాక్ష్యం చెప్పాలి. అట్ట మీద పేరు వేసుకునేటప్పుడు నాకిది గుర్తు రాలేదు. క్యాసెట్టు విడుదల చేసిన ఆదివారం, ఆ నెలలోనే బదిలీ మీద వచ్చిన పాస్టరుగారు అట్ట చూసి నా పేరు పిలిచారు. కూర్చునే ఉండవచ్చు. కాదని ఒక్క మాట అనవచ్చు. లేచాను. ఒక సాయంత్రం దుఃఖంలో తలుపు గడియ పెట్టడం మరిచానని, అప్పుడు ప్రభువు ఈ మాటలు ఇచ్చాడని చెప్పాను. చేతిలో బైబిలు పట్టుకుని చెప్పాను. సుగుణమ్మ మూడో వరుసలో చాప మీద, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. విషయం తెలిసిన పెద్దలు తలలు వంచుకున్నారు. ఆమెకు రావలసిన ముప్పు నా మీద వేసుకున్నానని తర్వాత మెచ్చుకున్నారు కూడా. ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు.

కూటం అయ్యాక కొళాయి దగ్గర ఆమె టీ గ్లాసులు కడుగుతోంది. నేను నా గ్లాసు ఇవ్వబోయాను.

"టీచరమ్మా, నీ ఇంటికి గడియ లేదా?" అంది, తల ఎత్తకుండా.

"ఉంది."

"మరి ఏసుకోకుండా యాల పండుకుంటాండావు? ప్రొద్దుటూరులో దొంగలు శానా మంది ఉండారంట."

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు పరాచికమనుకుని నవ్వారు. వాళ్ళు పోయేదాకా ఆగాను.

"నీ మేలు కోసమే సుగుణమ్మా. నీ పేరు పడితే వాళ్ళు ఊరుకుంటారా? బిడ్డ తల్లివి."

"నా పేరు తీసేస్తే తీసేసినావులే. ఆడ నీ పేరు యాల పెట్టుకుంటివి?"

"ఎవరిదో ఒక పేరు ఉండాలి కదా."

ఆమె అప్పుడు నా మొహం చూసింది. కోపం లేదు. అలసిపోయి ఉంది.

"మొగుడు సచ్చింది నాకు. సాక్ష్యం చెప్పింది నువ్వు. యాడన్నా ఉందా ఇది?" అంది. చెయ్యి చాపి, "సరే, గ్లాసు ఇట్లియ్యి. నాకు ఇంకా పనుంది" అంది.

ఇచ్చాను. కడిగింది.

ఆ తర్వాత ఆమె చర్చిలో నోరు తెరిచి పాడలేదు. ఏడు నెలలకు బిడ్డను తీసుకుని తొండూరు వైపు వెళ్ళిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

క్యాసెట్టు పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ ఒక్క పాట మాత్రం చావు ఇళ్ళకు చేరింది. పాడమని నన్ను పిలిచేవారు. ముప్పై తొమ్మిది ఇళ్ళలో పాడాను, రెండు పార్టీల ఇళ్ళలోనూ. జమ్మలమడుగు దగ్గర ఒక ఇంట్లో, సుగుణమ్మ భర్త కేసులో ముద్దాయిగా నిలబడి బయటపడిన మనిషి శవం ముందు పాడాను. అతని భార్య ఆ తలుపు మాట దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అసలు పేరు ఉండి ఉంటే ఆ ఇంట్లోకి ఆ పాట వచ్చేదా? రాదేమో. అయితే నేను చేసింది మంచిదేనా? ఈ ప్రశ్న దగ్గర చాలా ఏళ్ళు తలదాచుకున్నాను. పేరు లేని పాట కూడా ఆ ఇంట్లోకి వచ్చేది. జవాబు అంత చిన్నది.

సుగుణమ్మ ఆరేళ్ళ క్రితం పోయింది. కబురు తెలిసింది. వెళ్ళలేదు.

కడప ఆవిడ వచ్చి వెళ్ళిన నాలుగో రోజు ఆవిడకు ఫోన్ చేసి ఆ పేరు తప్పని చెప్పాను. నేను పోయాక కూడా ఆ అబద్ధం ఎవరో ఒకరి చెవిలో పాడుతూ ఉంటుందన్న ఆలోచనకు తట్టుకోలేకపోయాను.  సరైన పేరు ఇంటిపేరుతో సహా కావాలన్నారు ఆవిడ. నా దగ్గర లేదు. పాటలో మాటలు లెక్కపెట్టాను గాని, ఆ మనిషి ఇంటిపేరు ఏనాడూ అడగలేదు.

తొండూరు సంఘంవాళ్ళ ద్వారా కూతురి నంబరు దొరికింది. ఇప్పుడు నర్సు. నేనెవరో చెప్పి, మీ అమ్మ కట్టిన పాటకు ఆమె పేరు వేయించాలి, ఇంటిపేరు చెప్పమ్మా అన్నాను. ఏ పాట అని అడిగింది. చెప్పాను.

"అది మాయమ్మను మట్టి చేసిన దినం పాడినారే" అంది. మళ్ళీ, "మాయమ్మ పాటలు పాడతాండెనా? నేను ఎప్పుడూ యినలేదే మేడమ్" అంది.

పాడేది అన్నాను. ఎక్కడ కూర్చుని పాడేదో చెప్పాను. నేనేం చేశానో వరసగా చెప్పాను, ఏదీ తగ్గించకుండా.  చివరికి ఇంటిపేరు చెప్పింది, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, మందు పేరు రాయిస్తున్నట్టు. ఇంకేమీ అనకుండా పెట్టేసింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే తల్లి చేత గ్లాసు కడిగించినట్టే కూతురికీ ఒక పని పెట్టినట్టవుతుంది.

ఆ పేరు కడపకు పంపాను. నా పేరు ఇక్కడ రాయడం లేదు. దాన్ని ఒకచోట రాసింది చాలు. ఫోన్ బల్ల మీద పెట్టి, పగలే మంచం మీద వాలాను. కాళ్ళూ చేతులూ పొలం పని చేసి వచ్చినట్టు లాగాయి. చాలా ఏళ్ళ తర్వాత, నేను చెప్పినదాంట్లో దిద్దవలసింది ఏమీ లేదు.