మెతుకు ముట్టని ఉపవాసాలు

మా ఎదురింటి పిన్నమ్మ పోయింది. తెల్లవారి నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆమె కోడలు గేటు దగ్గరకొచ్చి నిలబడింది. ఏడవలేదు. "వదినా, అత్తకి ఊపిరి ఆగిపోనాది" అంది, అంతే. ముగ్గు గిన్నె అక్కడే పెట్టి వెళ్లాను. కాసేపటికి మా భజన ఆడవాళ్లంతా వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను అడిగిన మాట ఒక్కటే. "పోయేటప్పుడు అప్పన్న పేరు తలచుకుందా?"

తలచుకోలేదు. ఆ మాట పైకి అనలేక ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దుతూ కూర్చున్నాను.

వాళ్లు అలా అడగడానికి కారణం ఉంది. ప్రతి శనివారం భజన అయ్యాక పిన్నమ్మ సింహాద్రి అప్పన్న పటానికి దండం పెట్టి ఒకటే కోరేది. "నాకు మేడలొద్దు, మిద్దిలొద్దు. పోయీటప్పుడు నోట్లో నీ పేరుంటే సాలు." ఎవరైనా "అప్పుడే ఏటి తొందర పిన్నమ్మా?" అంటే, "తొందర నాకు కాదే. ముందునుంచి సెప్పుకుంటే ఆయనకి గుర్తుంటాది" అనేది. ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆమెకి మాత్రం గుర్తు లేకుండా పోయింది.

ఆమె నాకు చుట్టం కాదు. భీమిలి నుంచి కొత్త కోడలిగా మల్కాపురం వచ్చినప్పుడు నాకిక్కడ ఒక్కరూ తెలియదు. ఉతికిన బట్టలు డాబా మీద ఆరేస్తే పోర్టు బొగ్గు పొడి పడి నల్లబడేవి. మొదటిసారి అది చూసి ఏడుపొచ్చింది. ఎదురు డాబా మీంచి ఒకావిడ, "ఓ పిల్లా, గాలి ఇటు తిరిగినప్పుడు ఆరెయ్యకు. ముందు గాలి సూడు, తర్వాత బట్టలు సూడు" అని కేకేసింది. అలా మొదలైంది మా పరిచయం. పూలు కట్టడం, దీపం కుందులు తోమడం, నామాలు చదవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నాది చిన్న గొంతు. నలుగురిలో పలకడానికి సిగ్గు. "గొంతు పెద్దది సెయ్యక్కర్లేదే, అప్పన్నకి సెవుడు లేదు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ధైర్యంతోనే ఈనాటికీ నాలుగు నామాలు పలకగలుగుతున్నాను.

సోమవారం, శనివారం, ఏకాదశి ఆమెకు ఉపవాసాలు. ఉపవాసం అంటే అన్నం తినకపోవడం. ఆ పూట పూరీలు వేగేవి. సాయంత్రం బజ్జీలు, ఆ పైన నెయ్యి తేలే రవ్వకేసరి. నాకు పెళ్లైన కొత్తలో తెలియక, "ఉపాసం అన్నావు గదా పిన్నమ్మా?" అని అడిగాను. "ఉపాసమే గదే. మెతుకు ముట్నానేటి? నూనిలో ఏగినదానికి అంటు లేదు" అంది. మా వీధిలో అందరం అలాగే చేసేవాళ్లం. అన్నం మానేసిన రోజున కడుపు ఎక్కువ బరువెక్కేది.

ఆమె పుట్టిల్లు విజయనగరం అవతల పల్లెటూరు. చిన్నప్పుడంతా చోడి అంబలి, అదే రాగుల అంబలి, తోటకూర, ఉలవలు. వాళ్లాయనకి పోర్టులో కలాసీ పని దొరికాక ఇక్కడికొచ్చారు. ఆయన బతికి ఉండగా ఒక్క నెలలో కూడా తన ఇంట్లో నూనె డబ్బా అడుగు కనబడలేదని గర్వంగా చెప్పుకునేది. తెల్లటి అన్నం, నూనె, పంచదార, ఇవి ఆమెకు ఒట్టి తిండి కాదు. లేమి నుంచి బయటపడ్డామనడానికి గుర్తు. అందుకే సుగరు బయటపడ్డాక డాక్టరు చోడి అంబలి తాగమంటే ఆమెకు అవమానమైపోయింది. "దాన్నుంచి పారిపోయి ఈ ఊరొచ్చినాను. ఇప్పుడీయన ఫీజు పుచ్చుకుని మళ్లీ అదే తాగమంతన్నాడు" అని వీధంతా నవ్వించింది. కోడలు గ్లాసుతో వెంటపడితే, "నీకు అత్తని నానా, ఆ డాక్టరా?" అనేది. మేము అప్పుడు నవ్వాం.

ఇక ప్రసాదం సంగతి. ఎవరు గుడికి వెళ్లినా, ఎవరింట్లో వ్రతమైనా ఆమెకు పొట్లం వచ్చేది. వద్దని ఎవరంటాం? "పెసాదానికి సుగరేటే? అప్పన్న దగ్గిర్నించి వొచ్చింది నాకు రోగం తెత్తాదా?" అని కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేది. అంత నమ్మకంతో తింటున్న మనిషి చేతిలోంచి ఏం లాక్కోగలం?

ఒక శనివారం అష్టోత్తరం చదివిస్తూ సగంలో మళ్లీ మొదటి నామానికి వెళ్లిపోయింది. మేమూ ఆమె వెనకే వెళ్లాం. అలా రెండుసార్లు తిరిగాక హారతి ఇచ్చాం. "ఈవేళ పిన్నమ్మ డబల్ పుణ్యం ఇప్పించింది" అని ఒకామె అంది. పిన్నమ్మ కూడా నవ్వింది గానీ ఎందుకు నవ్వుతున్నామో ఆమెకు తెలియలేదని నాకనిపించింది. తర్వాత ఇంటి దారి తప్పింది. పొయ్యి మీద నూనె పెట్టి మరచిపోయింది.

సీతమ్మధారలో నరాల డాక్టరు దగ్గరకి నేనూ వెళ్లాను. తల స్కానింగ్ ఫిల్ము వెలుతురులో పెట్టి చూపించాడాయన. మచ్చలు కనబడ్డాయి. "గుండెకి వెళ్లే రక్తమే అమ్మా మెదడుకీ వెళ్లేది. ఏళ్ల తరబడి సుగరు, బీపీ, కొవ్వు ఎక్కువగా ఉంటే సన్నటి నాళాలు పూడుకుపోతాయి. తిండి ఒక్కటే కారణమని చెప్పను, వయసూ ఉంది. కానీ ముందే జాగ్రత్తపడి ఉంటే దీన్ని కొంత ఆలస్యం చేసుండేవాళ్లం" అన్నాడు. "ఇప్పుడు మానేస్తే పోయిన గుర్తులు తిరిగొస్తాయా బాబూ?" అని ఆమె కొడుకు అడిగాడు. రావన్నాడు. ఉన్నవాటిని కాపాడుకోవాలన్నాడు.

కాపాడుకోలేకపోయాం. కాళ్లకి, కళ్లకి సుగరు పడుతుందని మాకందరికీ తెలుసు. అది తలలో కూర్చుని దేవుడి పేరు కూడా తీసుకుపోతుందని ఎవరూ అనుకోలేదు.

ఆ మతిమరుపు జబ్బులో మహా ఘోరం ఏమిటంటే, తిన్నది మరచిపోతారు. కంచం కడిగి బోర్లించకముందే, "నాకు పొద్దున్నుంచి ఏటీ పెట్టనేదు" అని మా గుమ్మంలో నిలబడేది. ఆకలన్న ముసలిదాన్ని పొమ్మనలేను. కీరా ముక్కలు, మజ్జిగ ఇచ్చేదాన్ని. "గడ్డి పెడతన్నావేటే, నాను ఆవునా?" అని విసురుగా పక్కింటికి వెళ్లేది. వాళ్లు కోడల్ని తిట్టుకుంటూ చక్కిలాలు, లడ్డూ పెట్టేవారు. కోడలు పంచదార డబ్బాకి తాళం వేస్తే వీధిలో ఆమె రాక్షసి అయింది. ఆ పిల్ల మా వంటింట్లో కూర్చుని, "నాను పెడితే సంపినట్టు, పెట్టకపోతే మాడ్సినట్టు. ఏటి సెయ్యమంటావు వదినా?" అని ఏడ్చింది. చూడ్డానికొచ్చేవాళ్లు వట్టి చేతులతో వచ్చేవారు కాదు. బిస్కెట్లు, బ్రెడ్డు, స్వీటు డబ్బా. చివరికి కొడుకు కూడా, "ఇంకెన్నాళ్లులే, తిననీండి" అని తనే హల్వా తెచ్చాడు. అతన్ని తప్పు పట్టలేను. అమ్మ ముఖంలో వెలుగు అతనికి అప్పుడు మాత్రమే కనబడేది.

పెద్ద దినం నాడు ఆమెకు ఇష్టమని బూరెలు, గారెలు మూకుడు దించకుండా వేయించారు. మా వీధిలో సుగరు మాత్రలు మింగే మగవాళ్లు, మా భజన ఆడవాళ్లు మళ్లీ వడ్డించుకుని తిన్నారు. "పిన్నమ్మ ఆత్మకి తృప్తి" అన్నారు. పోయినావిడ పేర వండింది కాదనకూడదని నా విస్తట్లో కూడా ఒక బూరె వేశారు. దాన్ని తుంచి ఊరికే కెలుకుతూ కూర్చున్నాను. ఈ వరుసలో ఇంకెవరి నోటి నుంచి నామం పోబోతోందో అనిపించి, ప్రార్థించడానికి కూడా మనసు రాలేదు.

ఆమె పోవడానికి ముందటి రోజు సాయంత్రం నేనక్కడే ఉన్నాను. మింగింది ఊపిరితిత్తుల్లోకి పోతోందని అప్పటికే నోటి తిండి ఆపేశారు, ముక్కుకి గొట్టం వేశారు. కొడుకు మంచం మీదికి వంగి చెవిలో, "అమ్మా, అప్పన్నా అను. ఒక్కసారి అనమ్మా. సింహాద్రి అప్పన్నా" అన్నాడు. ఆమె ఆ గొంతు వైపు తల తిప్పింది. కళ్లల్లోకి ఆశ వచ్చింది. మేమందరం దగ్గరకి జరిగాం. ఆమె పసిపిల్ల గోరుముద్దకి తెరిచినట్టు నోరు తెరిచింది.

కొడుకు లేచి గోడ వైపు తిరిగిపోయాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని నా చిన్న గొంతుతో ఒక్కో నామమే చదవడం మొదలుపెట్టాను. నామం నామానికీ ఆమె నోరు తెరిచి, కాసేపు చూసి, మూసి, మళ్లీ తెరిచింది.