మఫ్లరు దించితేనే చేప

ఓలెసుండ్ రేవులో చేపల కొట్టు నడిపే స్వెర్రెకి ఒకటే పిచ్చి. నోరు కనిపించని మనిషికి చేప అమ్మడు.

ఏడాదిలో సగం చలే ఉండే ఊళ్లో ఇదేం నియమమో ఎవరికీ అంతుబట్టలేదు. జనం ముక్కు దాకా మఫ్లరు చుట్టుకుని వస్తారు. స్వెర్రె కత్తి పక్కన పెట్టి చేతులు కట్టుకుంటాడు.

"ముందు మఫ్లరు. తర్వాత చేప."

"బయట మంచు కురుస్తోందయ్యా!"

"లోపల కురవట్లేదుగా."

పాస్టరు గారినీ వదల్లేదు. "మీసాలు పెదవుల మీదికి దిగాయి. కత్తిరించుకుని రండి, రెండు చేప వడలు ఊరికే ఇస్తాను" అన్నాడు. ఆ ఆదివారం పాస్టరు గారి నున్నటి మూతి చూసి చర్చి అంతా ముసిముసిగా నవ్వింది. వడలు బాగున్నాయని ఆయన తర్వాత ఒప్పుకున్నారు.

కొట్లో రేడియో పీకేశాడు. వరస నంబరు కేకెయ్యడం మానేసి, గోడ మీద ఇంతలేసి ఎర్ర అంకెలు వెలిగించాడు. దీపాన్ని కొనేవాళ్ల మొహాన పడేలా తిప్పాడు. "ఇది చేపల కొట్టా, పోలీసు స్టేషనా?" అని జనం విసుక్కున్నారు. అంత తాజా చేప ఇంకెక్కడా దొరకదు కనక మఫ్లర్లు దించుతూనే ఉన్నారు.

ఇదంతా చూసి లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషి ఒకతే, కొట్లో పనిచేసే తూరిడ్. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ల యంత్రాల మోతకి ఆమె చెవులు సగం పోయాయి. అది మూతపడ్డాక, యాభై అయిదో ఏట దొరికిన ఉద్యోగం ఇది. చెవుడని తెలిస్తే ఎక్కడ పంపించేస్తాడోనని మూడేళ్లుగా దాస్తోంది. పెదవులు చూసి నెట్టుకొస్తోంది. ఇలాంటి పిచ్చి యజమాని దొరకడం తన అదృష్టం అనుకుంది.

ఒక ఉదయం స్వెర్రె పడవల దగ్గరికి వెళ్లినప్పుడు, రిటైరైన టీచరు హాల్డిస్ వచ్చింది. కళ్లు తప్ప ఏమీ కనిపించట్లేదు. మఫ్లరు దించమనడానికి తూరిడ్‌కి నోరు రాలేదు. ఆవిడ అన్నదానికల్లా నవ్వుతూ తలూపింది. మర్నాడు హాల్డిస్ వచ్చి, ఈసారి మఫ్లరు దించి మరీ నిండు కొట్లో విరుచుకుపడింది.

"ముళ్లు తీసిమ్మని మూడుసార్లు చెప్పాను! బుర్రూపి, ముళ్లతోనే కట్టిచ్చింది. ఈవిడకి చెవుడేమో చూసుకో, స్వెర్రె!"

తూరిడ్ చూపు స్వెర్రె పెదవుల మీదికి వెళ్లింది.

"నిన్న మఫ్లరు దించే చెప్పారా?" అన్నాడు స్వెర్రె.

"బయట మైనస్ పన్నెండు!"

"అయితే తప్పు మీదే." ముళ్లు తీసిన చేప ఆవిడ చేతిలో పెట్టి పంపేశాడు.

కొట్టు ఖాళీ అయ్యాక తూరిడ్ ఏప్రన్ విప్పేసింది. "ఆవిడన్నది నిజమే. నాకు సరిగ్గా వినపడదు. మీ దగ్గర దాచాను."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన మొదటి రోజే. నీ వెనకాల ఇనప పళ్లెం జారి పడింది. వీధిలో కుక్క కూడా ఎగిరిపడింది. నువ్వు రొయ్యలు తూస్తూనే ఉన్నావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

తూరిడ్‌కి ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. మఫ్లరు నియమం, రేడియో పీకెయ్యడం, దీపం, ఎర్ర అంకెలు అన్నీ తను చేరాక వచ్చిన పిచ్చే. అంతకంటే ముందు, తను చేరిన మూడో రోజున, స్వెర్రె మూతిని పూర్తిగా కప్పేసే నలభై ఏళ్ల గుబురు మీసం మాయమైంది. ఊరు నెల్లాళ్లు ఆ సంగతే చెప్పుకుంది.

"అయితే ఆ మీసం?"

"చేపల కంపు కొడుతోందని తీసేశాను" అన్నాడు స్వెర్రె, మొహం జాగ్రత్తగా ఆమె వైపు తిప్పి.

తలుపు తెరుచుకుంది. ముక్కు దాకా మఫ్లరుతో ఒకాయన లోపలికి వచ్చాడు. తూరిడ్ ఏప్రన్ మళ్లీ బిగించి, చేతులు కట్టుకుంది.

"నాకు సరిగ్గా వినపడదండీ. ముందు మఫ్లరు. తర్వాత చేప."