వదిన గీసిన సున్నాలు

మొన్న సెలవులకు వచ్చిన మా మనుమరాలు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఏదో ఎలుగుబంటి మొహం బొమ్మను ఎంబ్రాయిడరీ మిషను కుట్టగలిగేలా కంప్యూటర్లోకి ఎక్కిస్తూ కూర్చుంది. ముందురోజు కుట్టించి తెచ్చుకున్న గుడ్డముక్క పక్కనే ఉంది. గుండ్రంగా రావలసిన మొహం నిలువుగా సాగింది, నిండు కుట్టుకూ చుట్టూ ఉన్న గీతకూ మధ్య రెండు పక్కలా తెల్లటి సందు కనిపిస్తోంది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల తెరమీద ఒక గడిలో ఏదో అంకె వేసి, దారం బట్టను గుంజుతుందనీ, ఈ అంకె వేస్తే కంప్యూటరే సరిచేసుకుంటుందనీ నాకే పాఠం చెప్పింది. సరేనని లేచి వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను. ఆ అంకె చేసే పని ఒకప్పుడు మా వదిన వేళ్లలో ఉండేది. ఆమెకు నేను చేసిన అన్యాయాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నా ఈడువాళ్లు నాలుగు మాటలు తిట్టినా పడదామని ఇప్పుడు రాస్తున్నాను.

మాది గోదావరిఖని. బాపు, అన్న ఇద్దరూ బొగ్గుబాయిలో పనిచేసేవారు, కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో అందరం సర్దుకునేవాళ్లం. డెబ్బైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, ఆసిఫాబాదు వైపు నుంచి వదిన కోడలిగా వచ్చింది, వస్తూ వస్తూ కాలితో తొక్కే కుట్టుమిషను తెచ్చుకుంది. ఆమె మాటలో మరాఠీ కలుస్తుందని మా వాడకట్టు ఆడవాళ్లు మొదట్లో నవ్వుకున్నారు గానీ, మిషను మీద పువ్వులు కుట్టడం చూశాక వారం తిరక్కుండానే జాకెట్టు గుడ్డలు పట్టుకుని మా గడపలో కూర్చున్నారు. మీలో ఆ పని చూసినవాళ్లు ఉండే ఉంటారు. మిషను పాదం ఊడదీసి, బట్టను రింగులో బిగించి, రెండు చేతులతో ఆ రింగును సూది కింద అటూ ఇటూ జరుపుతూ పోతే పువ్వు నిండుకునేది, కాస్త ఏమరితే సూది వేలిలో దిగేది. బొమ్మ దించడం మరో యజ్ఞం. పలచటి కాగితం మీద పెన్సిలుతో గీసి, గీత పొడుగునా సూదితో పొడిచి, దాన్ని బట్ట మీద పరిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి రుద్దితే చుక్కలు చుక్కలుగా దిగేది. ఇల్లంతా గాసునూనె కంపు అని అవ్వ, అంటే మా అమ్మ, సణిగేది, వచ్చినవాళ్ల ముందు మాత్రం మా కోడలు పనిమంతురాలని పొంగిపోయేది.

వదిన గీసిన బొమ్మలు కాగితం మీద చూస్తే అన్నీ తప్పులే. సున్నా పక్కలకు ఉబ్బి ఉండేది, ఆకు మొదలు కాడలోకి చొచ్చుకుపోయేది, పూరేకు తన గీతను దాటి బయటికి వచ్చేది. బడిలో కంపాసుతో సున్నాలు చుట్టి మార్కులు తెచ్చుకునే నాకు అది చూస్తే నవ్వొచ్చేది. ఒకసారి అడిగేశాను కూడా.

"దారం గుంజుతది పిల్లా, బట్ట ముడుసుకుంటది. అడ్డం కుట్టేదుంటే అడ్డం జర ఎక్కువ గియ్యాలె. కాయితం మీద సక్కగుంటే ఏం ఫాయిదా, బట్ట మీద సక్కగుండాలె" అంది.

ఏ బట్ట ఎంత ముడుచుకుంటుందో వేళ్ల మధ్య నలిపి చెప్పేది, అంత మేరకు గీతను జరిపేది, కుట్టి రింగు విప్పితే సున్నా సున్నాలాగే వచ్చేది. పక్కన కూర్చుని దారాలు కత్తిరించే నేను ఆ మాటను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

పెళ్లయి నేను కరీంనగర్ వచ్చేశాను. తొంభైలలో కమాను దగ్గర ఒక సేటు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను తెచ్చి, పదో తరగతి చదివిన ఆడమనిషి కావాలంటే నేను చేరాను, హైదరాబాదులో నెల రోజులు పని నేర్పించాడు. గీసిన కాగితాన్ని ఒక పలక మీద అంటించి, గీత పొడుగునా మీట నొక్కుతూ పోతే ఆ చుక్కలు కంప్యూటర్లోకి ఎక్కేవి, అక్కడి నుంచి ఫ్లాపీలో పోసి మిషనుకు పెట్టేవాళ్లం. మీరు ఏది ఎక్కిస్తే మిషను అదే కుడుతుంది, చెయ్యి తప్పు చేస్తుందేమో గానీ ఇది చేయదని అక్కడ నేర్పినాయన చెప్పిన మాటను నేను వేదంలా పట్టుకున్నాను. దళసరి గుడ్డల మీద బడిపిల్లల బ్యాడ్జీల అక్షరాలు తప్ప నేనప్పటికి చేసిందేమీ లేదు.

ఆ రోజుల్లోనే అన్న నడుముకు దెబ్బ తగిలి బాయి పని మానుకున్నాడు. ఇల్లు వదిన మీద పడింది. మా సేటు పట్టుచీరల పని మొదలుపెడదామనుకుంటూ బొమ్మలు గీసేవాళ్ల కోసం వెతుకుతున్నాడు. నేను వదిన పేరు చెప్పాను. ఒక బొమ్మ కుట్టించి చూద్దాం, బాగుంటే నౌకరీ ఖాయం అన్నాడు. వదిన బంతిపువ్వుల వరస ఒకటి, ప్రతి పువ్వు చుట్టూ సున్నాతో, గీసి పంపింది.

కాగితం విప్పి బల్ల మీద పరిచాను. సున్నాలన్నీ పక్కలకు ఉబ్బి ఉన్నాయి. రింగు చేత్తో జరిపే మిషనుకైతే సరే, కంప్యూటర్‌కు ఇదేం గీత అనుకున్నాను. ఆ ఏడే వదిన కళ్లజోడు మారింది, చూపు కూడా తగ్గినట్టుందని జాలిపడ్డాను. సేటు చూస్తే నౌకరీ ఇవ్వడని భయపడి, కంపాసు తెచ్చి ఆ కాగితం మీదే సున్నాలన్నీ గుండ్రంగా దిద్దాను, దాటిన రేకులన్నీ లోపలికి నెట్టాను, అది ఎక్కించాను. మేలు చేస్తున్నాననుకున్నాను.

కుట్టి చూసే రోజున వదిన పొద్దున బస్సెక్కి, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, టిఫిన్ డబ్బాలో నాకోసం సర్వపిండి పెట్టుకుని వచ్చింది. మిషను ఆగాక చూస్తే పట్టు అంతా ముడతలు, పువ్వులన్నీ నిలువుగా సాగాయి, సున్నాకూ పువ్వుకూ మధ్య సందులు.

"గిదేందమ్మా, కోడిగుడ్లు గీసినవా?" అన్నాడు సేటు.

వదిన బట్టను తిప్పి వెనక కుట్టు చూసింది, బొటనవేలితో తడిమింది, బల్ల మీద ఉన్న కాగితం తీసుకుంది. ప్రతి సున్నా నడుమ కంపాసు ముల్లు గుచ్చిన బొక్క ఉంది. ఆమె జన్మలో కంపాసు పట్టలేదు. తల ఎత్తి నన్ను ఒక్కసారి చూసింది.

"నా గీతనే తప్పయింది సేటూ. కండ్లు సక్కగ కనవడ్తలేవు. పిల్లదేం లేదు, నేను గీసిందే ఎక్కిచ్చింది" అని కాగితం మడిచి సంచిలో వేసుకుంది.

నేను నిలబడే ఉన్నాను. నా పిల్లల ఫీజులు, మా ఆయనకు అప్పట్లో సగమే చేతికొస్తున్న జీతం, అన్నీ గుర్తొచ్చాయి. తల వంచుకుని, మిషను చుట్టూ పడిన దారం ముక్కలు ఏరాను. బస్టాండుకు నేనే తీసుకెళ్లాను. దారంతా మా చిన్నోడి దగ్గు తగ్గిందా అని అడిగింది, డబ్బా నా చేతిలో పెట్టి, పొద్దుగూకకముందే తినుమంది. బస్సు కదిలాక ఆ డబ్బా పట్టుకుని ఎక్కడ కూర్చున్నానో, ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు.

వారం తర్వాత, దారం గుంజుతదని చిన్నప్పుడు వదిన చెప్పిన మాట గుర్తు తెచ్చుకుని, అదే పువ్వును ఆమె గీసినట్టే అడ్డంగా ఉబ్బించి ఎక్కించాను. కడిగిన ముత్యంలా వచ్చింది. సేటు సంబరపడి, ఇక వేరే మనిషి ఎందుకు, నువ్వే గియ్యి అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు నన్ను అందరూ డిజైన్ల మేడం అన్నారు, ఆ పేరు విన్నప్పుడల్లా ఒళ్లు మండేది, నా మీద నాకే.

వదిన మళ్లీ బొమ్మ గీయలేదు. చీరలకు ఫాల్ కుట్టింది, లంగాలు కుట్టింది, దిండు గలీబులు కుట్టింది. ఎవరైనా పువ్వు కుట్టమంటే కళ్లు పోయినయని చెప్పేదట, ఆ కళ్లతోనే మట్టిగింజ లేకుండా బియ్యం ఏరేది. ఒక బతుకమ్మ పండక్కి పోయినప్పుడు ధైర్యం చేసి, వదినే, ఆ పట్టుబట్ట సంగతి అని మొదలుపెట్టాను.

"ఏ బట్ట పిల్లా? యాదికి లేదు. కూసో, బువ్వ తిను" అని విస్తరి వేసింది.

ఆ మరుసటి ఏడు జ్వరం తగిలి వారం రోజుల్లో పోయింది. నేను చేరేసరికి ముఖం కప్పేశారు.

ఇప్పుడు ఈ పని నేర్చుకోవడానికి ఎవరి పక్కనా కూర్చుని దారాలు కత్తిరించనక్కర్లేదు, పట్టు ఎంత ముడుచుకుంటుందో వేళ్లకు తెలియనక్కర్లేదు, మంచిదే. బొమ్మ చెడితే కంప్యూటర్‌ను తిట్టి మళ్లీ మొదలుపెడుతున్నారు, దానికి నొప్పి ఉండదు. మా రోజుల్లో చెడిన పనిని ఎవరో ఒక మనిషి నెత్తిన వేసుకోవాల్సి వచ్చేది, నాది మా వదిన వేసుకుంది. ఆ మధ్యాహ్నం నేను ఒక్క మాట అని ఉంటే నా నౌకరీ పోయేది, అంతే కదా, ఇంకో దుకాణంలో దొరికేది. వదిన ఇంటికి పోయి ఇంకో పువ్వు గీసేది.